పన్నెండడుగుల వీధి

నేరేడుతోట కాలనీ మూడో వీధిలో తగాదా అరంగుళం దగ్గర మొదలైంది. అరంగుళం కోసం కూడా పోట్లాడుకుంటారా అని ఆశ్చర్యపోయేవాళ్ళు సొంత గోడ ఎరగనివాళ్ళన్నా అయ్యుండాలి, గోడలు మరీ ఎక్కువైనవాళ్ళన్నా అయ్యుండాలి. పదిహేడో నంబరు దీనమ్మకీ, ఎదురింటి పద్ధెనిమిదో నంబరు ఖాసింబీకీ జన్మలో మొదటిసారి గోడలొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. వాళ్ళ లెక్కలో అరంగుళమంటే అరెకరం.

ఆ ఆదివారం ప్రార్థన ముగించుకుని తల్లి దీనమ్మని చూడటానికి సువార్త వచ్చేసరికి వీధి మధ్యలో ఒక ట్రాలీ ఆటో అడ్డంగా నిలబడి ఉంది. దాని నిండా మనిషి కూర్చుని స్నానం చేయగలిగినంత రాగి డేగిసాలు. ఖాసింబీ భర్త మస్తాన్ పెళ్ళిళ్ళకి బిర్యానీ వండుతాడు. వంటయ్యాక ఆ డేగిసాలన్నీ ఇంటికొస్తాయి, వాటిని తళతళలాడించే పని ఖాసింబీది. ఇదివరకు ఒక్క తిప్పుతో వెనక్కి తిరిగే ఆటో ఇవాళ ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఊగి, చివరికి అరంగుళం తేడాలో దీనమ్మ మెట్టు పక్కనున్న బంతిమొక్క డబ్బాని నలిపేసింది.

"నీ గోడ ముందుకి జరక్కపోతే నా డబ్బా ఎట్టా నలుగుద్ది?" అంటోంది దీనమ్మ.

"జరిపింది నువ్వు వదినా! నీ గోడే నెలలు నిండినదాని లెక్కన ముందుకొచ్చింది. చూసుకో!"

"నాదా? సువార్తమ్మా, వచ్చావా! సమయానికొచ్చావు. ఈవిడ మెట్టు పక్కన చూడు. దొంగతనం బయటపడకుండా ఆ మూల కాస్త గీకి గుంట చేసింది. మిగతా గోడంతా వీధిలోకి తోసింది."

"నేనెందుకు గీకుతా? అక్కడ కూర్చుని డేగిసాలు తోముకుంటా, అంతే!"

సువార్తకి నవ్వొచ్చింది. గోడలు జరగడానికి అవేమన్నా బీరువాలా అనబోయి, ఆ మాట నోట్లోనే ఆపేసింది. నెలలు నిండినదాని లెక్కన అన్న ఖాసింబీ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. రెండిళ్ళ గోడల వైపూ కళ్ళు చిట్లించి చూసింది. నిజమే. పైనుంచి కిటికీల దాకా గోడలు తిన్నగానే ఉన్నాయి. కిటికీ కింద నుంచి నేల దాకా రెండూ పొట్ట ముందుకి తెచ్చుకుని నిలబడ్డాయి. ప్రతి ఆదివారం ఇదే దారిలో వస్తూ పోతూ ఆ పొట్టల్ని ఆమె ఒక్కసారైనా గమనించలేదు.

అందరి చేతిసంచీల్లో దువ్వెన ఉన్నట్టు ఆమె సంచీలో టేపు ఉంటుంది. ఒక కొస మస్తాన్ చేతికిచ్చి రెండో కొస లాగింది. పదడుగుల ఒక అంగుళం. మళ్ళీ కొలిచింది. అంతే. ప్లాను ప్రకారం ఆ వీధి వెడల్పు పన్నెండడుగులు.

"ఎవరిదమ్మా తప్పు?" అంది దీనమ్మ, కూతురి ముఖం చూసి గొంతు తగ్గించి.

"నాదేనేమోనే," అంది సువార్త.

* * *

తప్పు ఆమెదే అనడానికి కారణం ఉంది. ఆ గోడల్లో ఇటుక ఆమెది.

దాన్ని అందరూ మొలక ఇటుక అంటారు. చూడటానికి కాల్చిన మట్టి డబ్బా. లోపలంతా బోలు. చిన్నపిల్లలు కూడా నాలుగేసి ఎత్తుకెళ్ళగలిగినంత తేలిక. బోలులో కంటికి కనపడని సూక్ష్మజీవులూ, వాటికి రెండు నెలలు సరిపడా తిండీ ఉంటాయి. గోడ కట్టి నీళ్ళు చల్లితే అవి నిద్రలేస్తాయి. నీళ్ళలోని సున్నాన్ని పోగుచేసి, తిని, రాయిగా విడుస్తాయి. రెండు నెలల్లో బోలంతా రాయితో నిండిపోతుంది. తిండి అయిపోగానే మళ్ళీ పడుకుంటాయి. ఒక్క లారీ ఇటుకతో నాలుగిళ్ళు లేస్తాయి. నలభై రోజుల్లో అరవై నాలుగిళ్ళు లేపి, బెజవాడలో రైలు వంతెన కింద కాలువ గట్టున పడివున్న అరవై నాలుగు కుటుంబాల్ని అందులోకి మార్చారు. ఇంకో పన్నెండు వేల కుటుంబాలు ఇదే ఇటుక కోసం ఎదురుచూస్తున్నాయి.

గృహప్రవేశం నాడు దీనమ్మ గోడని అరచేత్తో నిమిరి, "ఇదేందే ఇంత చల్లగా ఉంది?" అని అడిగింది. "ఇది బతికున్న ఇటుకమ్మా. మనలాగే ఊపిరి పీలుస్తుంది," అంది సువార్త గర్వంగా. శాస్త్రవేత్తలు సొంతవాళ్ళ దగ్గర కాస్త కవిత్వం కలుపుతారు. ఆ కవిత్వం ఎంత పని చేసిందో ఆమెకి చాలా రోజుల దాకా తెలియలేదు.

సోమవారం పొద్దున్నే ప్రయోగశాలలో పాత ఇటుకల్ని బయటికి తీసింది. కాలనీకి పంపిన రోజునే పక్కన పెట్టిన నమూనాలవి. అన్నీ గాఢనిద్రలో ఉన్నాయి. వాటిని వాననీళ్ళలో ముంచింది. కాలనీ బోరు నీళ్ళలో ముంచింది. మురుగు కాలువ నీళ్ళు తెప్పించి అందులోనూ ముంచింది. ఆ వాసనకి సహాయకుడు భూషణం ముక్కుకి రుమాలు కట్టుకుని తిరిగాడు.

"ఏమన్నా లేచాయా భూషణంగారూ?"

"లేవలేదు మేడమ్. నేనే ఈ వాసనకి పడిపోయేట్టున్నాను."

తడి ఒక్కటీ చాలదు, తిండి కావాలి. తాను కొలిచి పెట్టిన తిండి పది నెలల కిందటే అయిపోయింది. తాను తయారుచేసిన ఆ ప్రత్యేకమైన పదార్థం తప్ప మరొకటి అవి ముట్టవని ఆమె నమ్మకం. మరి ఏం తిని పెరుగుతున్నాయి?

* * *

పట్టణ ప్రణాళిక విభాగం నుంచి పానకాలరావు బుధవారం వచ్చాడు. భవనాల తనిఖీలో ఆయనకి ఇరవై ఏళ్ళ సర్వీసు. ఇంకొకళ్ళ టేపుతో కొలిచింది కొలత కాదని నమ్మే మనిషి. పొడుగు చేతుల చొక్కా, జేబులో తన స్టీలు టేపు. టీ ఇస్తానంటే వద్దంటాడు, మంచినీళ్ళు మాత్రం తాగుతాడు. అలాంటివాళ్ళతో పేచీ ఏమిటంటే, వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి మనకి చేతికేమీ దొరకదు.

నాలుగు వీధులూ కొలిచాడు. ఎక్కడా పదకొండడుగులు తేలలేదు. పదిహేడో నంబరు దగ్గర మరీ తక్కువ.

"డాక్టరుగారూ, పెరిగే గోడల నిబంధన మీకు తెలుసు. మీతో మాట్లాడే రాశారు దాన్ని," అన్నాడు.

సువార్తకి తెలుసు. మామూలు నిబంధనల్లో గోడంటే కట్టినచోట నిలబడేది. పెరిగే గోడకి విడిగా ఒక నిబంధన కావాల్సొచ్చింది. ఏడాది నిండిన రోజు ఆఖరి తనిఖీ. ఆ రోజుకి గోడ ప్లాను దాటి వీధిలోకి వస్తే కాలనీ మొత్తం పడగొట్టాలి. ఎక్కడ ఆగాలో తెలియని గోడకి ఎవరు పూచీ పడతారు?

"పదడుగుల్లో కారు పోతుంది కదండీ," అంది, తనకే నమ్మకం లేని గొంతుతో.

"కారు పోతుంది. ఫైరింజను అద్దాలతో కలిపి తొమ్మిదడుగులు. వచ్చిందే అనుకోండి, తలుపు తీసి మనుషులు దిగొద్దా? గొట్టం లాగొద్దా? పన్నెండు అని ఎవరో సరదాకి రాయలేదమ్మా. నాకు మీ మీద కోపమేం లేదు. టేపుకి కోపం ఉండదు." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఇరవై ఒక్క రోజులు టైముంది. ఈలోగా ఏమన్నా చేయగలిగితే చేయండి. నోటీసు మాత్రం ఇవాళే అంటించాలి."

ఆయన వెంట వచ్చిన మనిషి బకెట్లోంచి బంక తీసి, దీనమ్మ కిటికీ పక్కన, మనిషి తలంత ఎత్తున నోటీసు అంటించి చేతులు దులుపుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక దీనమ్మ మెట్టు మీద కూర్చుంది. ఖాసింబీ కూడా తగాదా సంగతి మర్చిపోయి వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయన చెప్పింది నిజమేనే," అంది దీనమ్మ.

"ఏమిటమ్మా నిజం? ఇల్లు పడగొడతారు. మళ్ళీ వంతెన కిందకి పోతావా?"

దీనమ్మ కుడిచేతి మీద చీరకొంగు పక్కకి జరిపింది. మోచేతి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. సువార్త ఆ చెయ్యి పట్టుకుని పెరిగింది. దాన్ని ప్రత్యేకంగా చూడటం ఎప్పుడో మానేసింది.

"నీకప్పుడు తొమ్మిదేళ్ళు. నలభై గుడిసెలు తగలబడతంటే ఫైరింజను గంట రోడ్డు మీదే మోగతా ఉంది. మన సందు మనిషి పక్కకి తిరిగి నడిచేంతే. లోపలికి ఎట్టా వస్తది? వాళ్ళు రోడ్డు మీద నిలబడి ఏడ్చినంత పని చేశారు పాపం. మనం బిందెల్తో పోశాం. నీ పుస్తకాల పెట్టె లాగబోయి నేను ఇట్టా అయ్యా. ప్రాణాలు దక్కినయ్, ఇంకేం దక్కలా." ఆమె ఎదురు గోడ వైపు చూసింది. "ఇంజను రాని వీధిలో నేనుండలేను సువార్తమ్మా. నా ముందుగది పడగొడితే వీధి వెడల్పయ్యేట్టుంటే నాదే ముందు పడగొట్టమను."

ముందుగది పడగొట్టడం కుదరదని సువార్త ఎలా చెబుతుంది? మొలక ఇటుక గోడంతా లోపల ఒకే రాయి. ఒకచోట సమ్మెట వేస్తే ఇల్లంతా బీటలిస్తుంది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పాతికేళ్ళు చదివి తాను చేసిందల్లా అదే ఇరుకు సందుని ఇటుకతో మళ్ళీ కట్టడమా అనిపించింది.

* * *

ఎనిమిదో రోజు సువార్త మళ్ళీ వచ్చింది. అప్పటికి ఆమె అనుమానమంతా నేల మీద. పునాది కింద తడిలో ఏదో ఉంది, అది గోడని కిందనుంచి పెంచుతోంది. అందుకే పొట్టలన్నీ కిటికీ కిందే ఉన్నాయి. మట్టి తవ్వి సీసాల్లో నింపుకుందామని గునపం కూడా తెచ్చుకుంది.

మెట్టెక్కుతూ యథాలాపంగా నోటీసు వైపు చూసి ఆగిపోయింది. నోటీసు పూరీలా పొంగి ఉంది.

బంక ఊడి కాగితం ఉబ్బిందనుకుని వేలితో నొక్కింది. నొక్కుకోలేదు. వెనక గట్టిగా ఉంది. గోరుతో ఒక మూల లేపి చూస్తే, కాగితం ఎంత మేర ఉందో సరిగ్గా అంత మేర గోడ వేలి మందాన ముందుకొచ్చింది. చుట్టూ గోడ మాత్రం నున్నగా, ఎప్పటిలాగే ఉంది. మనిషి తలంత ఎత్తుకి నేల తడి రాదు. అక్కడికి ఎనిమిది రోజుల్లో వచ్చిన కొత్త వస్తువు ఒక్కటే.

"అమ్మా, ఆ రోజు నోటీసు దేనితో అంటించారే?"

"దేంతో అంటిస్తారు? మైదా ఉడకబెట్టిన బంక. పోస్టర్లకి పూసేదే."

మైదా! పిండి! తాను పెట్టిన తిండి తప్ప ముట్టవనుకుంది. ఆకలేస్తే అవీ ఇటుక రంధ్రాల్లోంచి బయటికొచ్చి దొరికింది తింటాయి, మనుషుల్లాగే. సువార్త గునపం కిందపడేసింది. అయితే కిటికీ కింద? నాలుగు వీధుల్లో, ప్రతి గోడ మొదట్లో పిండి ఎవరు పూస్తున్నారు?

లోపల పొయ్యి మీద అన్నం ఉడికింది. దీనమ్మ గిన్నె మీద చిల్లుల మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని, గంజి వేరే తపేలాలోకి వార్చింది. వార్చిన గంజిలో చెంబుడు చల్లనీళ్ళు కలిపింది. వీధిలోకి వచ్చి, గోడ మొదట్లో ఆ చివర నుంచి ఈ చివరకి, మొక్కలకి పోసినట్టు శ్రద్ధగా, చుక్క వృథా కాకుండా పోసింది. ఎదురింట్లో ఖాసింబీ కూడా అదే పని చేస్తోంది. వీధి పొడుగునా పదకొండున్నరకి ఆడవాళ్ళందరూ తపేలాలతో గుమ్మాల్లో ఉన్నారు. ఆ వేళప్పుడు సువార్త ఎప్పుడూ ప్రయోగశాలలో ఉంటుంది, ఆదివారాలు ప్రార్థనలో ఉంటుంది. ఈ దృశ్యం ఆమె చూడటం ఇదే మొదలు.

"అమ్మా! ఏం చేస్తున్నావే?"

"గంజి పోస్తన్నా."

"గోడకెందుకు?"

దీనమ్మ కూతురి వైపు వింతగా చూసింది. "నువ్వేగా చెప్పావు బతికున్నదని. ఇంట్లో బతికున్నదానికి ముద్ద పెట్టకుండా మనం తింటామా? నేనే అందరికీ చెప్పా. ఎండకీ వానకీ మనకి అడ్డం నిలబడతంది, దానికి రోజూ కాస్త గంజన్నా పోయండే అని. చల్లార్చే పోస్తన్నా, కాలకుండా."

ప్రయోగశాలలో ఆ ఇటుకని ఎండలో పెట్టారు, ఉప్పునీళ్ళలో నానేశారు, భూకంపం బల్ల మీద ఊపారు. ప్రయోగశాలలో అన్నం వార్చేవాళ్ళు ఎవరూ లేరు.

సువార్తకి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ రెండూ దాటాక ఏడుపొచ్చింది. వంతెన కింద రోజుల్లో గిన్నెలో గుప్పెడు బియ్యమే ఉండేవి. మెతుకులు కూతురికి పెట్టి, గంజిలో ఉప్పేసుకుని తల్లి తాగేది. గంజి అంటే పారబోసేది కాదు, దీనమ్మ రాత్రిభోజనం. ఆ గంజి ఇప్పుడు ఇంకొకళ్ళకి పెట్టగలిగేంత మిగులుతోంది. పెట్టడానికి ఆమె గోడని వెతుక్కుంది.

"ఏందే, ఏడుస్తున్నావు? తప్పు చేశానా?"

"లేదే. నీ ఇటుకకి అరగట్లేదు, అంతే. ఇంక పోయమాక. అందరికీ చెప్పు."

"మరి దానికి ఆకలో?"

"పడుకుంటుందమ్మా. హాయిగా పడుకుంటుంది."

ఖాసింబీ తపేలా పట్టుకుని ఇవతలికి వచ్చింది. విషయం విని నోరు వెళ్ళబెట్టింది. "అంటే వదినా, నీ గోడా జరగలా, నా గోడా జరగలా? మనమే మేపామా?"

"మేపాం," అంది దీనమ్మ. ఇద్దరూ తమ పొట్ట గోడల వంక కాసేపు చూసి, ఒకేసారి పకపకా నవ్వారు.

* * *

గంజి ఆపితే గోడ ఆగుతుంది. కానీ పెరిగింది మాత్రం వెనక్కి పోదు. నవ్వు ఒక్క పూటే నిలిచింది. ఇంకా పదమూడు రోజులుంది, పదడుగుల ఒక అంగుళం అలాగే ఉంది. సమ్మెట వేయడానికి లేదు. యంత్రంతో కోస్తే అదురుకి బీటలొస్తాయి. మర్నాడు పొద్దున్నుంచీ సువార్త వీధిలో మెట్టు మీద కూర్చుని ఎదురు గోడని చూస్తూ ఉండిపోయింది.

ఎదురుగా ఖాసింబీ డేగిసా తోముతోంది. పక్కన సిల్వరు గిన్నెలో చింతపండు పిప్పి, కొబ్బరి పీచు. చింతపండు రాసి, పీచుతో రుద్ది, పులుపు నీళ్ళు పక్కకి పారబోసింది. పారబోసిన నీళ్ళు మెట్టు పక్కన గోడకి తగిలి కాస్త నురగ కట్టాయి. అక్కడే ఉంది ఆ గుంట. దొంగతనం బయటపడకుండా ఖాసింబీ గీకిందని తల్లి ఆ రోజు వేలెత్తి చూపించిన గుంట.

సువార్త ఒక్క ఉదుటున లేచి వీధి దాటింది. గుంటలో చెయ్యి పెట్టింది. చేతికి తగిలింది నున్నని, ఎర్రని, కాల్చిన మట్టి. మొదటి రోజు మేస్త్రీ కట్టిన అసలు ఇటుక ముఖం. అంగుళం అవతల పొట్ట అలాగే ఉంది. ఇక్కడ మాత్రం ఏడాదిగా పులుపు తగిలిన మేర గంజి రాయంతా కరిగిపోయి, మట్టి దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"పిన్నీ, ఆ చింతపండు ఇటివ్వు!"

"డేగిసాకి సరిపోదమ్మాయ్..."

"ఇవ్వు పిన్నీ!"

పొట్ట మీద చింతపండు గుజ్జు మెత్తి కాసేపాగి పీచుతో రుద్దింది. రాయి తెల్లటి ముద్దలా రాలింది. గంజి తాగి ఆత్రంగా పెరిగిన రాయి కదా, లోపలంతా గుల్లే. సున్నపు రాయి పులుపుకి కరుగుతుందని బడిపిల్లలకి కూడా తెలుసు. కాల్చిన మట్టి కరగదనీ తెలుసు. మొత్తం తెలిసిన సువార్తకి డేగిసా తోమడం తెలియదు, అదీ సంగతి. భూషణానికి ఫోన్ చేసి ఇటుక ముక్కల మీద ఆ మధ్యాహ్నమే పరీక్ష చేయించింది. "అసలు ఇటుక చెక్కుచెదరలేదు మేడమ్," అన్నాడతను. ఈసారి గొంతుకి రుమాలు అడ్డం లేదు.

ఆ తర్వాత పది రోజులు కాలనీ అంతా పులుపు వాసనే. మస్తాన్ ఊళ్ళో ఉన్న మెస్సులూ, పెళ్ళి వంటశాలలూ తిరిగి, రసం తీశాక పారేసే చింతపండు పిప్పి డ్రమ్ములకొద్దీ ట్రాలీలో తెచ్చాడు. పొద్దున్నే గోడలకి మెత్తడం, మధ్యాహ్నం దాకా నాననివ్వడం, ఎండ తగ్గాక కొబ్బరి పీచులతో రుద్దడం. అరవై నాలుగిళ్ళ ఆడామగా అందరూ గోడల ముందు చతికిలబడ్డారు. దీనమ్మ మచ్చ పడ్డ చేత్తోనే తన గోడంతా తనే రుద్దింది. ఇంకొకళ్ళని ముట్టనివ్వలేదు. రుద్దుతూ రుద్దుతూ గోడతో ఏదో చెబుతోంది.

"ఏమంటున్నావే దాన్తో?"

"ఏమంటా? ఏమనుకోమాకమ్మా, ఎక్కువ పెట్టా, నాదే బుద్ధి తక్కువ అంటన్నా."

* * *

ఏడాది నిండిన రోజు పానకాలరావు తన స్టీలు టేపుతో వచ్చాడు. ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టి ప్రతి జత ఇళ్ళ మధ్యా కొలిచాడు. కొలిచిన ప్రతిసారీ వంగి గోడ ముఖం తడిమి చూశాడు. సువార్త ఆయన వెనకే నడుస్తోంది. కాలనీ మొత్తం వాళ్ళ వెనక నడుస్తోంది.

పదిహేడూ పద్ధెనిమిదీ మధ్య టేపు లాగాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. ఇంకోసారి లాగాడు.

"పన్నెండడుగుల పావంగుళం," అన్నాడు. "పావంగుళం ఎక్కువే ఉంది. కట్టినప్పుడు మేస్త్రీ వదిలినట్టున్నాడు."

"ఆ పావు నాది," అంది దీనమ్మ వెంటనే.

"నీదెట్టా వదినా? నాది!" అంది ఖాసింబీ.

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎవరూ చూడని పని పానకాలరావు ఆ రోజు చేశాడు. నవ్వాడు. వీధంతా గొల్లుమంది. సువార్త మాత్రం ఆయన చేతుల వైపే చూస్తోంది. ఆయన పుస్తకం తీసి నిలబడే రాశాడు, రాసింది ఆమెకి చూపించాడు. తనిఖీలో కాలనీ నెగ్గింది. కింద, సువార్త చెప్పిన ప్రకారం, ఒక కొత్త వాక్యం చేర్చమని పైవాళ్ళకి సిఫార్సు: పెరిగే గోడలకు గంజి, పిండి, బంక తగలనీయరాదు. భవన నిర్మాణ నిబంధనల్లోకి గంజి అనే మాట రావడం బహుశా అదే మొదలు.

"నోటీసులు కూడా ఇక తలుపులకే వేలాడదీస్తాం," అన్నాడాయన. "అయితే డాక్టరుగారూ, టేపు చెప్పింది చాలదు నాకు. కళ్ళతో చూడాలి." ఫోన్ తీసి ఎవరితోనో, "ఆ, రానివ్వండి," అన్నాడు.

వీధి మొదట్లో గంట మోగింది.

దీనమ్మ ఉలిక్కిపడి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ గంట ఆమె ఇరవై ఆరేళ్ళుగా నిద్రలో వింటూనే ఉంది. ఎప్పుడూ రోడ్డు మీద నుంచే, ఎప్పుడూ దూరంగానే. ఇప్పుడది దగ్గరవుతోంది. ఎర్రటి ఇంజను మూడో వీధి మలుపు తిరిగింది. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ తప్పుకోమనలేదు. రెండువైపులా గోడలకి దూరంగా, తాపీగా, గంట మోగించుకుంటూ నడిచొచ్చి పదిహేడో నంబరు ముందు ఆగింది. తలుపు మనిషి దిగేంత తెరుచుకుంది. గోడకి తగలలేదు. డ్రైవరు దిగాడు, వెనక నుంచి ఇద్దరు దిగి గొట్టం చివరి ఇంటి దాకా లాగి చూపించారు.

సువార్త మెట్టు మీద కూలబడి, అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చేసింది. పన్నెండు వేల ఇళ్ళ సంగతి ఆ నిమిషంలో ఆమెకి గుర్తు రాలేదు. ఇల్లు నిలబడింది, అమ్మ ఇక్కడే ఉంటుంది. అంతవరకే ఆమె మనసుకి పట్టింది.

దీనమ్మ నెమ్మదిగా ఇంజను దగ్గరికి వెళ్ళింది. వేడిగా ఉన్న దాని ముఖం మీద మచ్చల చెయ్యి ఆనించి నిలబడింది. డ్రైవరు కుర్రాడేమీ కాదు, నెరిసిన మీసాల మనిషి. ఆమెని చూసి పరాచికానికి అడిగాడు.

"ఏం పెద్దమ్మా, మంటెక్కడ?"

"ఇరవై ఆరేళ్ళ కిందట నాయనా, వంతెన కింద," అంది దీనమ్మ. "పర్లేదులే. వచ్చావుగా."